గూళ్లు వేరుగా కడదాం, కోళ్లను బతికించుకుందాం

(ఫిలింనగర్ బస్తీలో కోళ్లు పెంచుకునే ఆడవాళ్లు, బంగళాల్లో పక్షులు చూసే పనివాళ్లు కూడిన చోట చేసిన ప్రసంగం)



కోళ్ల మీద మీటింగేంది అని కొందరు నవ్వుతున్నరు. నవ్వనీయండి. మనకు బ్యాంకులో లేకున్నా గంప కింద ఉంది. పిల్లకు జ్వరమొస్తే అమ్మేది ఆ కోడినే. గంప ఖాళీ అయితే అప్పుకు పోవాలె.

చుట్టూ చూడండి. పైన జూబ్లీహిల్స్ బంగళాల్లో సోకుకు టర్కీలు, గినీకోళ్లు, బాతులు. కేబీఆర్ పార్కులో నెమళ్లు. కింద బండల మీద మన రేకుల ఇండ్లు, మన నాటుకోళ్లు. వీటి నడుమ తిరిగేది ఎవరు? మనమే. పొద్దున బంగళాలో గూడు ఊడ్చి, అవే చెప్పులతో ఇంటికొచ్చి మన కోళ్లకు నూకలు వేస్తం. జబ్బు ఆ చెప్పుల మీదనే ఎక్కి వస్తది.

"వేరుగా పెట్టండి" అని నేనంటే మీకు చివుక్కుమనొచ్చు. వాడ వేరు, గ్లాసు వేరు అని తరాలుగా అనిపించుకున్నవాళ్లం. ఆ వేరు వెనక కులగర్వం తప్ప ఏమీ లేదు. కోళ్ల విషయంలో మాత్రం కారణం ఉంది, వినండి.

నాటుకోడి పేగుల్లో ఒక సన్న పురుగు ఉంటది. దాని గుడ్లలో నల్లతల జబ్బు క్రిమి దాగి ఉంటది. కోడికి పెద్దగా ఏమీ కాదు. అదే నేల మీద టర్కీ మేసిందా, గంధకం రంగు రెట్ట వేసి చస్తది. నెమలికీ ఈ ప్రమాదం ఉంది. ఆ గుడ్లు మట్టిలో ఏండ్ల తరబడి బతుకుతయి, వానపాముల్లోనూ దాక్కుంటయి. అందుకే టర్కీలకు కోళ్లు తిరగని నేల కావాలె.

బాతులు నీళ్లు చిమ్మి నేలంతా తడి చేస్తయి. తడి ఊకలో కోడిపిల్లలకు రక్త విరేచనాలు పట్టుకుంటయి. మనది వాలు నేల. బాతుల గూడు కిందికి, కోళ్ల గూడు పైకి కట్టండి. మగబాతు కోడిపెట్ట మీద ఎక్కి గాయం చేస్తది కూడా. గినీకోళ్లు కోళ్లను తరిమి పొడుస్తయి. పెంపుడు జపాన్ కౌజులను చదరపు అడుగుకు 5 చొప్పున జాలీ పెట్టెలో వేరే ఉంచండి. కోడికైతే రాత్రి గూట్లో 2 చదరపు అడుగులు ఉండాలె. అడవి కౌజును పట్టి తెస్తే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. కేసు పడేది మన మీదనే.

దాణా కూడా ఒకటే పెట్టొద్దు. కోళ్ల దాణాలో కలిపే సాలినోమైసిన్ మందు టర్కీలకు విషం. బూజు పట్టిన పల్లి చెక్క ఎవరు ఊరికే ఇచ్చినా తేవొద్దు. 1960లో ఇంగ్లండులో అటువంటి పల్లి దాణాతో లక్షకు పైగా టర్కీ పిల్లలు చచ్చినయి. బాతుపిల్లలు ఆ విషానికి ఇంకా తొందరగా పోతయి.

అంగట్లో కొన్నదైనా, షూటింగుకు పోయి వచ్చిందైనా, కొత్తగా గుంపులో చేరే పక్షిని 30 రోజులు దూరంగా ఉంచండి. షూటింగుకు పక్షిని వాడాలంటే 2001 నిబంధనల ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాలె. అనుమతి కాగితం ఉన్నంత మాత్రాన బుట్టలో జబ్బు పోదు. ఊడ్చేటప్పుడు ముందు పిల్లల గూడు, తర్వాత పెద్దవాటిది, కొత్తవాటిది ఆఖరుకు. కొక్కెర తెగులుకు 7 రోజుల లోపు పిల్లలకు లసోటా చుక్క, 8 వారాలకు ఆర్‌2బి సూది వేయించండి.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. బాతు పైకి బాగానే ఉండి ఆ జబ్బును మోయగలదు. జబ్బు తేలితే చుట్టూ కిలోమీటరు లోపల కోళ్లను చంపుతరు. సర్కారు చంపిన కోడికి పరిహారం ఉంది, అంతకు ముందే చచ్చిన కోడికి లేదు. కాబట్టి రెండు మూడు ఒక్కసారిగా చస్తే దాచొద్దు, కుప్పలో పారేయొద్దు, వట్టి చేతులతో ముట్టొద్దు. వెంటనే పశువుల డాక్టరుకు చెప్పండి.

చివరగా మన డిమాండ్లు. బంగళాలో పక్షుల గూడు ఊడ్చే మనిషికి అక్కడే విడిచే చెప్పులు, సబ్బు, నీళ్లు, చేతి తొడుగులు యజమానే ఇయ్యాలె. చచ్చిన పక్షిని పూడ్చడం ఒక కులం పని అనే లెక్క మనం ఒప్పుకోం. టీకాలు వేసే మనిషి బస్తీకి రావాలె. ఈ మూడూ అడగడానికి రేపు అందరం కలిసి పోదాం.

జై భీమ్.