ఒకే ఇంట్లో రెండు పేదరికాలు



మన మనలిలో ఇళ్ళు దర్శించే వేళ నేను తరచూ చూసేది ఒకటుంది. కంపెనీలో కాంట్రాక్టు పని ముగించుకుని భర్త వచ్చి కూర్చుంటాడు. నాలుగిళ్ళలో పాచిపని చేసి భార్య కూడా అప్పుడే వస్తుంది. ఆమె కూర్చోదు. నీళ్ళు పట్టాలి, వంట చేయాలి. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిందే ఆమె భోజనం. పేదరికం ఆ ఇంటికంతటికీ వచ్చింది. దాని బరువు మాత్రం ఇద్దరి మీదా ఒకేలా పడలేదు. మా ఇంట్లోనూ చాలాకాలం ఇదే తీరు. ఒప్పుకొని చెబుతున్నాను.

2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్ళు అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చించేవారు. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు ఆ పని ముట్టుకున్న మగవాళ్ళే నూటికి 26 మంది.

ఈ జీతం లేని పనిని గుర్తిస్తూ తమిళనాడు ప్రభుత్వం 2023 సెప్టెంబరు 15న ఇంటి ఇల్లాలికి నెలకు 1,000 రూపాయలిచ్చే పథకం మొదలుపెట్టింది. దాని పేరు గమనించండి: మగళిర్ ఉరిమై తొగై. ఉరిమై అంటే హక్కు. సాయం అనలేదు, హక్కు అన్నారు. మరి ఆ డబ్బు తీసే ఏటీఎం కార్డు మన ఇళ్ళలో ఎవరి జేబులో ఉంది?

సంఖ్యాకాండము 27వ అధ్యాయం చూడండి. అన్నదమ్ములు లేని సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుట, సర్వసమాజము ఎదుట నిలబడి తండ్రి స్వాస్థ్యంలో భాగం అడిగారు. వారు అడిగింది న్యాయమేనని దేవుడు తీర్పిచ్చాడు. మన చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, క్రైస్తవ తండ్రి వీలునామా రాయకుండా కన్నుమూస్తే కొడుకుకీ కూతురికీ సమాన వాటా. మనమేం చేస్తున్నాం? "పెళ్ళికి ఖర్చుపెట్టాం కదమ్మా" అని చెల్లెలి చేత విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకుంటున్నాం. ఆ తర్వాత ఆదివారం ఆరాధనకు వచ్చి ముందు వరసలో కూర్చుంటున్నాం.

తమ్ముళ్ళారా, ఈ రాత్రి మీ పళ్ళెం మీరే కడగండి. అమ్మ డబ్బు అమ్మ చేతిలోనే ఉండనివ్వండి. అక్కచెల్లెళ్ళ వాటా వాళ్ళు అడగకముందే ఇవ్వండి. శిష్యుల పాదాలు కడిగిన ప్రభువును వెంబడించేవాళ్ళకు ఇది పెద్ద పనేమీ కాదు.

దేవుడు మనకు సహాయం చేయును గాక. ఆమేన్.