పిల్లలు ఎవరి కొలువు కోసం చదవాలి?

(రైతు కుటుంబాల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



సభ్యత్వం రాయించడానికి ఏ ఊరు వెళ్లినా ముందు యూరియా గురించి, ధర గురించి మాట్లాడతారు. లేవబోయే ముందు ఎవరో ఒకరు అడుగుతారు: "మావాడు నాలుగో తరగతి. ఏం చదివించమంటారు?" పక్కనున్నవారు వెంటనే అందుకుంటారు: "ఏదైనా సరే, ఈ మట్టి పని మాత్రం వద్దు."

ఆ మాట అన్నవారిని మేము తప్పు పట్టం. కేంద్ర ప్రభుత్వం 2018-19 వ్యవసాయ సంవత్సరానికి చేయించిన సర్వే ప్రకారం దేశంలో సగటు రైతు కుటుంబం నెల ఆదాయం 10,218 రూపాయలు. అందులో పంట మీద వచ్చింది 3,798 రూపాయలు. కూలి, జీతాల మీద వచ్చింది 4,063. పొలం ఉన్న ఇంటికి కూడా పొలం కన్నా బయటి పనే ఎక్కువ కూడు పెట్టింది. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93, తెలంగాణలో దాదాపు 92 రైతు కుటుంబాలు అప్పులో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో సగటు అప్పు 2,45,554 రూపాయలు. దేశంలో అన్ని రాష్ట్రాల కన్నా ఎక్కువ. ఈ లెక్క తెలిసిన తల్లి బిడ్డను పొలానికి పంపమంటే ఎలా పంపుతుంది?

ఇంకో లెక్క కూడా ఉంది. 2015-16 వ్యవసాయ గణన నాటికి దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, అంటే రెండున్నర ఎకరాల పైచిలుకు. ఇద్దరు పిల్లలు పంచుకుంటే ఒక్కొక్కరికి ఎకరం పావు మిగులుతుంది. కాబట్టి పిల్లలంతా సేద్యమే చేయాలని మేము చెప్పడం లేదు. అలా చెబితే అది అబద్ధం అవుతుంది.

కానీ "ఏదైనా సరే" అనే మాటలోనూ ప్రమాదం ఉంది. పోయినేడు మిర్చికి ధర పలికిందని ఈ ఏడు ఊరంతా మిర్చి వేస్తే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చదువులోనూ అదే చేస్తున్నాం. ఒక కోర్సుకు గిరాకీ ఉందని అందరం అటే పరుగెత్తుతున్నాం. ఎకరం అమ్మి సీటు కొంటున్నాం. ఇవాళ ఎనిమిదేళ్ల బిడ్డ సంపాదనకు వచ్చేసరికి 2040 అవుతుంది. అప్పటికి ఏ ఉద్యోగం ఉంటుందో, ఏది కంప్యూటరే చేసేస్తుందో ఎవరూ చెప్పలేరు. ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవచ్చు. అమ్మిన ఎకరం మాత్రం తిరిగి రాదు.

అందుకని ఏ ఉద్యోగం అనే ప్రశ్నతో పాటు ఎవరి కొలువు అనే ప్రశ్న కూడా వేసుకుందాం.

గుజరాత్‌లోని ఆనంద్ సంగతి చూడండి. దళారులు పాల ధర తొక్కేస్తుంటే కైరా జిల్లా రైతులు త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో 1946లో సహకార సంఘం పెట్టుకున్నారు. 1949లో కురియన్ అనే యువ ఇంజనీరు ప్రభుత్వ ఉద్యోగం మీద ఆ ఊరు వచ్చి, చివరికి రైతుల సంఘంలోనే కొలువు చేశారు. గేదె పాలతో పాలపొడి కాదని నిపుణులు అంటుంటే, దలాయా అనే డెయిరీ నిపుణుడు చేసి చూపించారు. 1955లో ఆ పాలపొడి కర్మాగారం ఆనంద్‌లో నిలబడింది. వాళ్ల చదువు రైతుల వైపు నిలబడింది కాబట్టే పాల ధర రైతు చేతికి వచ్చింది.

మన దగ్గర చదువు ఎవరి వైపు ఉంది? ధాన్యం కొనుగోలులో తేమ 17 శాతం దాటకూడదు. పత్తికి 8 నుంచి 12 శాతం. మిషను పెట్టి చూసేది వాళ్లు, అంకె చదివేది వాళ్లు, తరుగు తీసేది వాళ్లు. 75 కిలోల బస్తాకు మూడు కిలోలు తీశారనుకుందాం. ఎకరానికి 30 బస్తాలు పండితే 90 కిలోలు పోయినట్టు. అయిదు ఎకరాలకు 450 కిలోలు, అంటే ఆరు బస్తాలు. ఆ మిషను ఎలా పనిచేస్తుందో తెలిసిన పిల్ల ఒక్కతె మన పక్కన నిలబడితే ఆ ఆరు బస్తాల గురించి అడిగే ధైర్యం వస్తుంది.

పల్లెకు కావలసిన పనులు చాలా ఉన్నాయి. పదో తరగతి తర్వాత రెండేళ్ల వ్యవసాయ పాలిటెక్నిక్, పశుసంవర్ధక పాలిటెక్నిక్ ఉన్నాయి. ఐటీఐలో ట్రాక్టర్ మెకానిక్, డీజిల్ మెకానిక్, ఎలక్ట్రీషియన్ ఉన్నాయి. కోత మిషను చెడిపోయి, మెకానిక్ కోసం ఎదురుచూస్తూ వానకు పంట తడిసిన రోజులు మనకు తెలుసు. పైచదువుకు వెళ్లగలిగితే పశువైద్యం, ఉద్యానం, ఆహార సాంకేతికం ఉన్నాయి. పండిన టమాటా కుళ్లిపోకుండా సరుకుగా మార్చే చదువు అది. ఉత్పత్తిదారుల సంఘాలకు లెక్కలు రాసేవారు కావాలి. అడంగల్, పాసు పుస్తకం, సర్వే పటం చదివి మన తరఫున వాదించే లాయరు కావాలి. ఈ పనులన్నీ ఆడపిల్లలూ చేయగలరు. పదితో చదువు మాన్పించే ముందు ఒకసారి ఆలోచించండి.

చిన్న తరగతుల్లో కోర్సు పేరు పిల్లల మీద రుద్దొద్దు. తెలుగు తడబడకుండా చదవాలి, ఇంగ్లీషు భయపడకుండా చదవాలి. శాతాలు, వైశాల్యం నోటి లెక్కగా రావాలి. ఎరువుల బిల్లు, పాల కేంద్రం చీటీ పిల్లల చేత చదివించండి, కూడించండి. సెలవు రోజున పొలానికి తీసుకెళ్లండి. శిక్షగా కాదు, చూసి ప్రశ్నలు అడగడానికి. ఈ పునాది ఉన్న బిడ్డ 2040లో ఏ పని వచ్చినా నేర్చుకుంటుంది.

ఇదంతా తల్లిదండ్రుల భుజాన వేసి సంఘం చేతులు దులుపుకుంటే న్యాయం కాదు. చదువుకున్నా ఖాళీలు నింపకపోతే ఉద్యోగం ఎక్కడిది? పశువుల ఆసుపత్రుల్లో, వ్యవసాయ శాఖలో ఖాళీలు భర్తీ చేయాలి. వ్యవసాయ డిగ్రీలో రైతు బిడ్డలకు కోటా ఉంది. దానికి పొలం ఉన్నట్టు కాగితం చూపాలి. ఏళ్ల తరబడి కౌలు చేసే ఇంటి బిడ్డ ఆ కాగితం ఎక్కడి నుంచి తెస్తుంది? ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు కార్డుకు కూడా యజమాని సంతకం కావాలి. సంతకంతో నిమిత్తం లేకుండా కౌలుదారును గుర్తించి, వారి పిల్లలకు ఆ కోటా ఇవ్వాలి. అన్నిటికన్నా ముందు, స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు ఖర్చు మీద యాభై శాతం కలిపి ధర ఇవ్వాలి. ధర ఉన్ననాడు సేద్యం కూడా పిల్లలు కోరి ఎంచుకునే వృత్తి అవుతుంది.

ఈలోగా ప్రతి గ్రామ శాఖకూ ఒక పని. వచ్చే సమావేశానికి ఊళ్లో ఎనిమిది, తొమ్మిది, పది చదివే పిల్లల పేర్లు రాసుకు రండి. కౌలు ఇళ్లు, కూలి ఇళ్లు వదలొద్దు. పాలిటెక్నిక్, ఐటీఐ దరఖాస్తు తేదీలు ఆ ఇళ్లకు చేరవేసే బాధ్యత శాఖ కార్యదర్శిది. తేదీ దాటిపోయాక తెలిసి ఒక్క బిడ్డ చదువు ఆగినా ఆ తప్పు సంఘానిదే.