కలివికోడియు, ఎఱ్ఱచందనమును



కడప జిల్లా లంకమల పరిసరములందు వసించు మీకు ఎఱ్ఱచందనమును గూర్చి మేము క్రొత్తగా చెప్పవలసినది లేదు. కలివికోడిని మాత్రము మీలో పెక్కురు చూచియుండరు. ఒకటి చెట్టు, ఒకటి పక్షి, చుట్టరికమేమియు లేదు. కాని రెండింటి పేర్లును మనలను భ్రమింపజేయునవే.

కలివికోడి కోడిజాతిది కాదు. తీతువు పిట్టను చేర్చిన వర్గముననే శాస్త్రజ్ఞులు దీనిని చేర్చిరి. ఎఱ్ఱచందనమును గంధపు చెట్టు కుటుంబములోనిది కాదు. కంది, సెనగ, వేరుసెనగల కుటుంబములోనిది. అడవిలోని వేగిస దానికి దగ్గరి జ్ఞాతి.

కలివికోడి 1848లో శాస్త్రగ్రంథముల కెక్కినది. 1900 తరువాత ఎవరికిని కానరానందున నశించినదనియే పండితులు తలచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారి అన్వేషణ ఫలితముగా రెడ్డిపల్లె చెంత మరల దొరికినది. పట్టి తెచ్చినవాడు పండితుడు కాడు, స్థానికుడగు పిట్టల వేటగాడు! ఊరివారిని ముందే అడిగియుండిన ఇన్ని ఏండ్లు పట్టెడివి కావేమో.

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారి పట్టికలో ఈ పక్షి అంతరించుటకు ఒక్క మెట్టు ముందున్న తరగతిలో, అనగా అత్యంత ప్రమాదస్థితిలో నున్నది. ఎఱ్ఱచందనము దానికి పై మెట్టున ఉన్నది. 2018లో దానికి ప్రమాదము కొంత తగ్గినదని వ్రాసి, కొలది యేండ్లకే మరల పూర్వపు తరగతికి మార్చిరి.

తరగతులు దగ్గరివైనను వ్యాధులు వేరు. చెట్టునకు దాని వెలయే శత్రువు. చేవ మానెడు దుంగకై దొంగలు కొండ లెక్కుచున్నారు, కూలికి పోయిన పేదవాడు జైలు పాలగుచున్నాడు. అయినను ఆ చెట్టును నారు పోసి పెంచవచ్చును, నరికిన మోడు చిగుర్చును. పక్షికట్టి దారి లేదు. అది రాత్రించరము, పలుచని ముండ్లపొదలు, వాని నడుమ వట్టినేల, ఇంతియే దాని యిల్లు. ఆ నేలను మనము బంజరని వ్రాసికొని, యంత్రముతో చదును చేయించి, అభివృద్ధి యనుచున్నాము. పొదలు పోయిన పిదప పక్షిని తెచ్చి పెట్టుటకు నర్సరీ లేదు.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి పంచాయతీయందును జీవవైవిధ్య యాజమాన్య సంఘ ముండవలెను; ఊరి జీవజాలమును తెలుపు రిజిస్టరును ఉండవలెను. పెక్కుచోట్ల అది బీరువాలో నిద్రించుచున్నదని మే మెఱుగుదుము. దానిని బయటకు తీయుడు. గొఱ్ఱెలకాపరులను, వేట మానిన ముసలివారిని పిలిచి, ఏ పొదలలో ఏ కూత వినిరో అడిగి, సర్వే నెంబరుతో సహా వ్రాయుడు. ముండ్లపొదల భూమిని చదును చేయుటకు తీర్మానము వచ్చినపుడు, చేయి ఎత్తుటకు ముందు ఆ పుట చదివించుడు.