పెంకు సందులోంచి దిగిన సూర్యుడు



గూనపెంకుల ఇండ్లల్లో మధ్యాహ్నం నేల మీద రూపాయి బిళ్లంత వెలుగు పడుతుంది. చిన్నప్పుడు దాన్ని పట్టుకోబోయిన చేతులు ఈ సభలో చాలానే ఉంటాయి. పెంకు సందు వంకరగా ఉన్నా ఆ వెలుగు గుండ్రంగానే ఉంటుంది, ఎందుకు? అది సందు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ! సందు నుంచి మూడు మీటర్ల దూరంలో ఆ బొమ్మ సుమారు 28 మిల్లీమీటర్లు ఉంటుంది. ఏటవాలుగా పడితే కోడిగుడ్డులా సాగుతుంది. వెలుగుకు ఎదురుగా తెల్లకాగితం పట్టండి, గుండ్రంగా కుదురుకుంటుంది.

సూర్యుణ్ని చూడటానికి నేను మెచ్చే దారి ఇదే. వీపు ఆయన వైపు, చూపు కాగితం వైపు.

నిప్పు తగిలితే చెయ్యి వెనక్కి లాక్కుంటాం. కంటిలోని రెటీనాకు నొప్పి తెలియదు, కాలుతున్నా చెప్పదు. కొన్ని గంటలకు చూపు నడిమధ్యలో మచ్చ తేలుతుంది, కొందరికి అది పోనే పోదు. అందుకే ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టించిన గాజు, కూలింగ్ గ్లాసులు, పసుపు నీళ్ల పళ్లెం, ఏదీ వద్దు. వెలుగు తగ్గినట్టు అనిపించినా కనపడని కిరణాలు లోపలికి పోతూనే ఉంటాయి. నేరుగా చూడాలంటే ఐఎస్‌ఓ 12312-2 ప్రమాణానికి తగిన గ్రహణ కళ్లద్దాలు, లేదంటే 14వ నంబరు వెల్డింగ్ అద్దం కావాలి. టెలిస్కోపుకైతే ఫిల్టరు ముందు మూతికే బిగించాలి. కన్ను పెట్టే చోట బిగిస్తే వేడికి పగులుతుంది, అప్పుడు కన్ను దక్కదు.

గ్రహణం చూడాలని దూరం నుంచి మన నేలకు వచ్చినవాళ్లూ ఉన్నారు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణానికి ఫ్రాన్సు నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు వేధశాల నుంచి చింతామణి రఘునాథాచారి మన వనపర్తికి వచ్చాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల జాడను జాన్సెన్ మర్నాడు గ్రహణం లేకుండానే పట్టుకున్నాడు. 1980 ఫిబ్రవరి 16న ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల సంపూర్ణ గ్రహణాన్ని పరిశీలిస్తుంటే, ఎంతోమంది తలుపులు మూసుకుని ఇంట్లోనే ఉండిపోయారు. అంత అరుదైన దృశ్యం వాళ్లకు దక్కలేదే అని నాకు ఇప్పటికీ బాధ.

గ్రహణం నాడు పళ్లెంలో రోకలి నిలబెట్టే అమ్మలకు ఒక మనవి. పక్కనే వాకిట్లో బూందీ గరిటె ఎండకు పట్టి, కిందికి చూడండి. ఒక్కో రంధ్రం ఒక్కో నెలవంకను రాలుస్తుంది.

గ్రహణం దాకా ఆగక్కర్లేదు. రేపు మధ్యాహ్నమే ఇంట్లో పెంకు సందులోంచి పడే ఆ వెలుగు కింద కాగితం పెట్టి, పిల్లల చేత వెడల్పు కొలిపించండి.