పెద్దవాళ్ళ విమాన ప్రయాణం - టిక్కెట్టు కొనేముందు



బరంపురంలో కూర్చుని విమానంలో బిజినెస్ క్లాసు గురించి మాట్లాడడమేమిటి, విశాఖ వెళ్ళే రైల్లో కిటికీ పక్కన సీటు దొరికితే మనకదే పదివేలు కదా అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నేనూ ఒకప్పుడు అలా నవ్వుకున్నవాణ్ణే. కాని ఇటు గోపాలపూర్ దాకా, అటు ఇచ్ఛాపురం, సోంపేట దాకా ఏ ఊళ్ళో చూసినా కొడుకో కూతురో విదేశంలో ఉన్న ఇల్లు ఒకటైనా కనబడుతోంది. పురిటికనో, మనవడి అన్నప్రాశనకనో అమ్మానాన్నలను రమ్మంటారు. మోకాళ్ళ నొప్పులతో అంతసేపు కూర్చోలేరని, కష్టపడి సంపాదించిన డబ్బుతో పైతరగతి టిక్కెట్టు కొంటారు. మామూలు టిక్కెట్టుకు మూడు నాలుగు రెట్లు పెట్టే ఆ డబ్బు నిజంగా సుఖం ఇవ్వాలంటే ఏం చూసుకోవాలి? ఈ రోజు ఆ సంగతే చెప్పుకుందాం.

దూర ప్రయాణం మన ప్రాంతానికి కొత్త కాదు. గంజాం మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, అంటే 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం కావడానికి ముందునుంచే, మనవాళ్ళు గోపాలపూర్ రేవులో ఓడ ఎక్కి రంగూన్ వెళ్ళేవారు. "రంగం వెళ్ళాడు" అనేవారు. గదులు డబ్బున్నవాళ్ళకు, కూలికి వెళ్ళేవాళ్ళకు డెక్కు. మా ముత్తాత కూడా అలా చాప పరుచుకుని వెళ్ళినవాడేనట. "ఓడ ఎవరిదని అడక్కు, నీ చాప ఎక్కడ పడుతుందో చూసుకో" అని ఆయన కొత్తగా బయలుదేరేవాళ్ళకు చెప్పేవాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఇప్పుడు ఓడ పోయి విమానం వచ్చింది. ఆ మాట మాత్రం పాతబడలేదు. అది నాకు తెలిసి వచ్చినది మా అమ్మ వల్ల.

మా తమ్ముడు అమెరికాలో ఉన్నాడు. 2022లో వాడికి రెండో బిడ్డ పుట్టినప్పుడు అమ్మను రమ్మన్నాడు. అమ్మకు అప్పటికి డెబ్భై దాటాయి. మోకాళ్ళు అరిగిపోయాయి, షుగరు మాత్రలు వేసుకుంటుంది. తెలుగు, ఒడియా తప్ప మరో భాష రాదు. తమ్ముడు బిజినెస్ క్లాసు టిక్కెట్టు కొన్నాడు. ప్రపంచమంతా పేరున్న విమాన సంస్థ. ఏ విమానం, ఏ సీటు అని మేమెవరం చూడలేదు. "ఇంత పేరున్న కంపెనీ, ఇంకేం చూడాలి?" అన్నవాణ్ణి నేనే.

అమ్మ అక్కడ దిగేసరికి రెండు పాదాలూ వాచిపోయి చెప్పుల్లో పట్టలేదు. కళ్ళు తిరుగుతున్నాయంటే విమానాశ్రయం నుంచి తిన్నగా డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళారు. ఒంట్లో నీరు తగ్గిపోయిందన్నాడు ఆయన. ప్రయాణం మొత్తంలో ఆవిడ తాగింది రెండు గుక్కల నీళ్ళు. ఎందుకని అడిగితే చెప్పింది: ఆవిడది కిటికీ పక్కన సీటు. పక్క సీటులో ఉన్నాయన సీటు పరుపులా చాచుకుని నిద్రపోయాడు. ఆయన కాళ్ళు దాటితే గాని నడవాలోకి రావడానికి లేదు. "పరాయి మగాడి కాళ్ళ మీంచి ఎలా దాటనురా? నీళ్ళు తాగితే కదా లేవాల్సి వచ్చేది, అందుకని తాగడమే మానేశాను" అంది. లక్షలు పోసి కొన్న పరుపు మీద మా అమ్మ దాహంతో పడుకుంది.

అప్పటినుంచి ఈ విషయం మీద కొంత చదివాను, వెళ్ళి వచ్చినవాళ్ళను అడిగాను. తెలుసుకున్నవి ఒక్కొక్కటిగా చెబుతాను. మధ్యలో కొన్ని సంస్థల పేర్లు వస్తాయి. అవి ఉదాహరణకే గాని ఒకరిని మెచ్చుకోవడానికీ కాదు, మరొకరిని తక్కువ చేయడానికీ కాదు.

మొదటిది, బిజినెస్ క్లాసు అంటే అన్నిచోట్లా ఒకటే అనుకోకూడదు. 1970ల చివర ఈ తరగతి మొదలైనప్పుడు, పూర్తి ఛార్జీ ఇచ్చేవారికి విడిగా ఒక భాగం కేటాయించడం, అంతే. సీటు పూర్తిగా పరుపులా పరుచుకునే ఏర్పాటును బ్రిటిష్ ఎయిర్వేస్ ఈ తరగతిలోకి 2000లో తెచ్చింది. తరువాత మిగతావాళ్ళు అందుకున్నారు. ఒకే సంస్థకు పాత విమానాలుంటాయి, కొత్త విమానాలుంటాయి. ఎయిర్ ఇండియా సంగతే చూడండి. 2022 జనవరిలో టాటాల చేతికి వచ్చిన తరువాత, 2024లో ఎయిర్బస్ ఏ350 విమానాలను ప్రవేశపెట్టింది. వాటిలో ఈ తరగతి వాళ్ళు ఒక్కొక్కరికీ తలుపున్న చిన్న గదిలాంటి సీటు ఉంది. అదే సంస్థ పాత బోయింగ్ విమానాల్లో సీట్లు పక్కపక్కనే ఉండేవి. కాబట్టి సంస్థ పేరు ఒక్కటే చాలదు. ఆ రోజు ఆ దారిలో నడిచేది ఏ విమానం అని అడగాలి.

రెండోది, సీట్ల వరస. ఇది చాలా ముఖ్యం. టిక్కెట్టు కొనేటప్పుడు సీట్ల పటం చూపిస్తారు. అందులో 1-2-1 అని ఉంటే కిటికీ పక్కన ఒకటి, మధ్యలో రెండు, అవతలి కిటికీ పక్కన ఒకటి అన్నమాట. అప్పుడు ఎవరినీ లేపకుండా ప్రతివారూ తిన్నగా నడవాలోకి రావచ్చు. 2-2-2 అని ఉంటే కిటికీ దగ్గరున్నవాళ్ళు పక్కవారిని దాటాలి. మన రైలు భాషలో చెప్పాలంటే, ముసలివాళ్ళకు లోయరు బెర్తు ఎంతో, ఇక్కడ నడవా పక్క సీటు అంత. భార్యాభర్తలు కలిసి వెళితే 1-2-1లో మధ్య జంట బాగుంటుంది. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళకు కిటికీ పక్కనున్న ఒంటి సీటు బాగుంటుంది. కతార్ ఎయిర్వేస్ 2017లో తలుపులున్న సీట్లు తెచ్చింది, బ్రిటిష్ ఎయిర్వేస్ 2019లో తెచ్చింది. అయితే ఆ సంస్థల విమానాలన్నిటిలోనూ అవి ఉంటాయని అనుకోవద్దు. ఇంకొక మాట. కొన్ని సీట్లలో పాదాలు పెట్టుకునే చోటు ఇరుకైన గూడులా ఉంటుంది. మోకాలు మడవలేనివాళ్ళకు అది ఇబ్బంది. ముందు వరసల్లో ఈ గూడు కొంచెం వెడల్పుగా ఉండడం కద్దు. కాని చంటిపిల్లల ఊయల తగిలించేది కూడా అక్కడే. నిద్ర ముఖ్యమా, కాళ్ళు ముఖ్యమా అన్నది మీరే తేల్చుకోవాలి.

మూడోది, ప్రయాణం ఎన్ని ముక్కలు? మన దగ్గరనుంచి విశాఖకో భువనేశ్వరానికో రైల్లోనో కారులోనో వెళ్ళాలి. 2024 మార్చి నుంచి భువనేశ్వర్, విశాఖల మధ్య వందేభారత్ బరంపురం మీదుగా నడుస్తోంది. అక్కడినుంచి హైదరాబాదో ఢిల్లీయో, ఆపైన పెద్ద ప్రయాణం. హైదరాబాదు నుంచి దుబాయి దాదాపు నాలుగు గంటలు, అక్కడినుంచి న్యూయార్క్ పధ్నాలుగు గంటలు. లండన్ మీదుగా వెళితే పది గంటలు ఒకసారి, ఏడెనిమిది గంటలు మరోసారి. లెక్క చూస్తే రెండూ దగ్గర దగ్గరే. కాని నాలుగు గంటల ముక్కలో నిద్ర పట్టేలోపు దిగాలి, తరువాతి ముక్కలో రాత్రంతా పడుకోవచ్చు. రెండు పెద్ద ముక్కలైతే నిద్ర రెండుసార్లు విరుగుతుంది, కాని మధ్యలో కాళ్ళు చాపి నడవడానికి వీలుంటుంది. నిద్ర పట్టేవారికి మొదటిది, కాళ్ళు పట్టేసేవారికి రెండోది నయం. మారే విమానానికి మధ్య మరీ తక్కువ వ్యవధి ఉండకూడదు. గంటన్నరలో పరుగెత్తడం పడుచువాళ్ళ పని. మూడు గంటలైనా ఉండనివ్వండి. మొత్తం ఒకే టిక్కెట్టు మీద తీసుకోండి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే తరువాతి దాంట్లో ఎక్కించే పూచీ అప్పుడు సంస్థదే. విడివిడిగా కొంటే ఆ పూచీ ఉండదు.

దారులు కూడా మారిపోతుంటాయి. 2025 ఏప్రిల్లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసివేయడంతో ఢిల్లీ నుంచి పడమటి దేశాలకు పోయే ఎయిర్ ఇండియా ప్రయాణాలు పొడుగయ్యాయి. అదే ఏడాది జూన్ 23న కతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసివేస్తే ఎందరో మధ్యదారిలో చిక్కుకుపోయారు. కాబట్టి టిక్కెట్టు కొన్న రోజున చూసింది చాలదు. వారం ముందు ఒకసారి, ముందురోజు ఒకసారి విమానం మారిందా, సీటు మారిందా, వేళ మారిందా అని చూసుకోవాలి.

నాలుగోది, ఆరోగ్యం. విమానం ఎంత ఎత్తున ఎగిరినా, లోపలి గాలి పీడనం ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టుగా ఉంటుంది. బోయింగ్ 787, ఎయిర్బస్ ఏ350ల్లో ఇది ఆరువేల అడుగుల దగ్గర ఉంటుంది, అలసట కొంత తక్కువ. గాలిలో తేమ చాలా తక్కువ, అంచేత నోరు, చర్మం ఎండిపోతాయి. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే అవకాశం రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. అలా జరిగేది సుమారు ఆరువేల మందిలో ఒకరికి, కాబట్టి బెదిరిపోనక్కరలేదు. నీళ్ళు తాగుతూ, గంటకో రెండు గంటలకో లేచి నాలుగడుగులు వేస్తే సరి. పరుపు ఉంది కదా అని కదలకుండా పడుకోకూడదు. మందుల విషయం మీ డాక్టరును అడగండి.

ఐదోది, అడిగితేనే దొరికేవి. చక్రాల కుర్చీ ప్రయాణానికి రెండు రోజుల ముందే చెప్పాలి. మెట్లు ఎక్కగలరా, లేరా అన్నది కూడా చెప్పాలి, దాన్ని బట్టి ఏర్పాటు మారుతుంది. శాకాహార భోజనం కనీసం ఒక రోజు ముందు నమోదు చేయించాలి. పైతరగతి కదా, వాళ్ళే చూసుకుంటారనుకుంటే, మనవాళ్ళు బిస్కెట్లతో గడపాల్సి రావచ్చు.

ఇంత డబ్బు పెట్టలేని వాళ్ళూ ఉంటారు. మధ్యలో ప్రీమియం ఎకానమీ అని ఒకటుంది. సీటు వెడల్పుగా ఉంటుంది, పరుపు మాత్రం కాదు. మామూలు తరగతిలోనైనా నడవా పక్క సీటు, చక్రాల కుర్చీ, తగిన వ్యవధి ఉంటే, చూడకుండా కొన్న పైతరగతి కన్నా మేలే.

2024లో అమ్మ మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని సీట్ల పటం చూపించాను. "నీకేం కావాలమ్మా?" అని అడిగాను. ఆ ప్రశ్న మొదటిసారి మా ఇద్దరు అన్నదమ్ముల్లో ఒక్కరికీ తోచలేదు. ఆవిడ మూడే అడిగింది: "లేవాలంటే ఎవర్నయినా లేపాలా? ఎన్నిచోట్ల దిగాలి? మాత్ర వేసుకునే వేళకు ఇంత అన్నం పెడతారా?" ఆ మూడు ప్రశ్నలకూ సరైన జవాబు దొరికిన టిక్కెట్టు, తమ్ముడు మొదట చూపించినదాని కన్నా తక్కువ పేరున్నదే. రాత్రి కూర్చుని ఒక అట్టముక్క మీద ఆరు వాక్యాలు రాశాను, పైన ఇంగ్లీషు, కింద తెలుగు. మంచినీళ్ళు కావాలి. నాకు షుగరు ఉంది. బాత్రూం ఎటువైపు? సీటు లేపి ఇవ్వండి. ఇలాంటివే. బళ్ళో ఎందరికో రెండు భాషలు నేర్పినవాణ్ణి, మా అమ్మకు ఆ అట్టముక్క రాసివ్వడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

అప్పడాల కట్టతో, ఆవకాయ సీసాతో అమ్మ అక్కడ దిగి ఫోను చేసింది. "ఎన్నిసార్లు నీళ్ళడిగానో లెక్కలేదురా, అట్ట నలిగిపోయింది" అంది. ఎలా నిద్రపోయిందో నేను అడగనే లేదు. ఆ గొంతులోనే తెలిసింది.

అంచేత శ్రోతలారా, పెద్దవాళ్ళకు టిక్కెట్టు కొనేముందు సంస్థలను, సీట్లను, వేళలను తప్పకుండా పోల్చి చూడండి. వాటన్నిటికన్నా ముందు, ప్రయాణం చేసేవారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కమాట అడగండి.