తూలే అడుగుకు తోడుగా నిలవండి



మన కర్లపాలెంలో వరి గట్ల మీద చకచకా నడిచిన మనిషి ఇప్పుడు వరండాలోనే తూలుతున్నారా? రక్తం అందక చిన్నమెదడు దెబ్బతింటే, కాళ్లలో బలమున్నా నడక కుదరదు.

అడుగు తప్పినప్పుడు చిన్నమెదడులోని పుర్కింజీ కణాలకు హెచ్చరిక అందుతుంది. తప్పు కదలికకు కారణమైన నాడీకణాల కలయికలు క్రమంగా బలహీనపడతాయి. నేర్చుకోవడంలో ఇదొక ముఖ్యమైన మార్గం. కలయికలు ఇలా బలహీనపడటాన్ని జపాన్ శాస్త్రవేత్త మసావో ఇటో బృందం 1982లో ప్రయోగంలో చూపించింది.

నేర్చుకునే ఆ భాగమే గాయపడింది గనుక కోలుకోవడం ఆలస్యమవుతుంది. అది బద్ధకం కాదు, విసుక్కోకండి. మిగిలిన కణాలకు అభ్యాసం కావాలి. అన్నీ మీరే చేసిపెట్టకండి. ఫిజియోథెరపిస్టు చూపినట్టు పక్కనే ఉండి, రోజూ కొద్దికొద్దిగా, పలుమార్లు నడిపించండి. అడుగు తడబడినా పర్వాలేదు. మనిషి పడిపోకుండా చూసుకోండి.