ఏడు దినముల చదువు

 

పలకమీద అక్షరము దిద్దించుటయే చదువని పెద్దలు తలచిన కాలమొకటి యుండెను. బిడ్డ చేతితో చేసినది, కంటితో చూచినది, నోట పలికినది ఒక్కటైనప్పుడే చదువు మనసున నిలుచునని నేటి విద్యావేత్తల మతము. 2020 నాటి జాతీయ విద్యావిధానమునకు నాలుగేండ్లు నిండిన సందర్భమున, కేంద్ర విద్యాశాఖ 2024 జూలై 22 మొదలు 28 వరకు ‘శిక్షా సప్తాహ్’ అను వారోత్సవమును దేశమందలి పాఠశాలలకు నిర్దేశించినది.

సోమవారము బోధనోపకరణములది. చింతగింజలు, గవ్వలు, అట్టముక్కలు నాడు పాఠ్యపుస్తకములగును. మంగళవారము చదువుట, వ్రాయుట, లెక్కించుట. మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బిడ్డయు భావమెరిగి చదువవలెననునది 2021లో ఆరంభమైన ‘నిపుణ్ భారత్’ లక్ష్యము. బుధవారము ఆటలకు, గురువారము పాటలకును సంస్కృతికిని, శుక్రవారము చేతిపనులకును నూతన సాంకేతిక విద్యకును కేటాయింపబడినవి. శనివారము మొక్కల పెంపకము, పౌష్టికాహారము. పుదుచ్చేరిలో మధ్యాహ్న భోజనము ఫ్రెంచివారి పాలనలోనే, 1930లో ఆరంభమైనది గావున ఆ పాఠము ఇచ్చటి బడులకు క్రొత్త గాదు. ఆదివారము తల్లిదండ్రులును ఊరివారును బడికి తోడ్పడు దినము.

ఈ క్రమము పుదుచ్చేరి నగరమందలి మేట్టుపాళయము వంటి పారిశ్రామికవాడలో కాపురముండు తెలుగు కుటుంబములకు ఒక ప్రశ్న వేయుచున్నది. 1965 నాటి అధికారభాషా చట్టము ఈ ప్రాంతమునకు తమిళమును, యానామునకు తెలుగును విధించినది. కనుక మేట్టుపాళయమున తెలుగు బిడ్డకు వీధిలో తమిళము, పుస్తకములో ఆంగ్లము. తెలుగు వంటయింటికి పరిమితము. అమ్మమ్మతో చక్కగా మాటాడు బిడ్డ ఆమె వ్రాసిన ఉత్తరమును చదువజాలదు. తమిళము నేర్చుట భాగ్యమే. దానివలన తెలుగునకు నష్టము లేదు. నష్టము ఇంటివారి ఉపేక్షవలన గలుగును.

గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడి ప్రాంతపు సవరల బిడ్డలకు చదువు చెప్పదలచి, ముందుగా తాము సవరభాష నేర్చిరి. ఆ భాషలోనే వాచకములు వ్రాసి, బడులు పెట్టిరి. పరుల బిడ్డలకై ఒక పండితుడంత శ్రమించగా, సొంత బిడ్డలకై తల్లిదండ్రులు దినమున కొక అరగంట వెచ్చింపలేరా?

బడిలోని వారక్రమమే ఇంటికిని చాలును. ఒకనాడు చింతగింజలతో ఒంట్లు, ఒకనాడు అక్షరములు, ఒకనాడు వామనగుంటలు, ఒకనాడు పాట, ఒకనాడు వంటదినుసుల పేర్లు వ్రాయుట, ఒకనాడు పెరటి మొక్కల పేర్లు నేర్చుట. ఏడవనాడు అమ్మమ్మకు బిడ్డ స్వహస్తముతో నాలుగు పంక్తుల ఉత్తరము వ్రాయవలెను. అందు తప్పులుండవచ్చును. ఆ తప్పులు మరుసటి వారపు పాఠములగును. ఆ ఉత్తరమునకు ప్రత్యుత్తరము వచ్చి, బిడ్డ దానిని తానే చదువుకొన్ననాడు ఆ యింట తెలుగు నిలిచినట్లే.